జిమ్నీకి 40 ఎంఎం లిఫ్ట్: స్ప్రింగులు మీరే మార్చుకోవాలంటే మొదటి నుంచి చివరి దాకా

"లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే పొడవు స్ప్రింగుల సెట్టు) కొనేశాను, ఎక్కడ వేయించాలి, నేనే వేసుకోవచ్చా" అని వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసి వేళ్ళు నొప్పులు పుడుతున్నాయి, అందుకే మొత్తం ఒకేచోట పెట్టేస్తున్నా. నేను చేసింది అయిదు డోర్ల మారుతి జిమ్నీకి. మేముండేది బెంగళూరు మారతహళ్ళి అపార్ట్‌మెంట్‌లో, బేస్‌మెంట్‌లో బండి చక్రాలు ఊడదీస్తే అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు, సో హొసకోటె దగ్గర మా బావమరిది గోడౌన్‌లో సిమెంటు నేల మీద, ఒక శనివారం పొద్దున మొదలుపెట్టి చీకటి పడ్డాక ముగించాం.

ఒకటి ముందే చెప్పేస్తా. స్ప్రింగులు తీసి పెట్టడం నాలుగు గంటల పని. బండి ఎత్తు పెరిగితే ఆక్సిల్ పక్కకి జరుగుతుంది, స్టీరింగ్ వంకరవుతుంది, కీళ్ళ దగ్గరి రబ్బరు బుష్‌లు మెలిపడతాయి. వాటన్నిటినీ దారికి తెచ్చేసరికి మిగతా రోజంతా పోతుంది, జనం వదిలేసేది కూడా సరిగ్గా ఆ సగాన్నే.

1. మీ బండి కింద ఏముందో చూసుకోండి

ఇక్కడ రాసింది జిమ్నీకి మాత్రమే. దీనికి ముందూ వెనకా రిజిడ్ ఆక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), నాలుగు చక్రాలకీ కాయిల్ స్ప్రింగు, షాకబ్జర్ వేరుగా స్ప్రింగు వేరుగా ఉంటాయి కాబట్టి ఇంట్లో చేసుకోగలిగే పని.

జిప్సీ అయితే కమాన్ పట్టీలు, ఆ పని పూర్తిగా వేరు. 2020 తర్వాత వచ్చిన థార్‌లో వెనక కాయిల్ స్ప్రింగులు ఇలాంటివే, కానీ ముందు భాగంలో స్ప్రింగు షాకబ్జర్ మీదే నొక్కిపెట్టి బిగించి ఉంటుంది. దాన్ని ఇంట్లో విప్పొద్దు, దయచేసి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే దవడ పగులుతుంది. ప్రెస్ ఉన్న వర్క్‌షాపుకి ఇచ్చేయండి.

2. ఎంత ఎత్తు, ఎందుకు

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జిమ్నీ గ్రౌండ్ క్లియరెన్స్ 210 ఎంఎం. రిజిడ్ ఆక్సిల్ బండిలో నేలకి అందరికన్నా దగ్గరగా ఉండేది ఆక్సిల్ మీద ఉన్న డిఫరెన్షియల్ గుండు, అంటే చక్రాలకి బలం పంచే గేర్లుండే ఉబ్బు. అది చక్రాలతో పాటే ఉంటుంది, స్ప్రింగు ఎంత పెంచినా అది ఒక్క ఎంఎం కూడా లేవదు. లేచేది చాసిస్, బాడీ, బంపర్లు, పొట్ట. అంటే బండ మీద పొట్ట తగలడం తగ్గుతుంది, గట్టు ఎక్కేటప్పుడు బంపర్ గీసుకోవడం తగ్గుతుంది, పెద్ద టైరుకి చోటు వస్తుంది. అంతే.

గుండు లేవాలంటే టైరే పెంచాలి. కంపెనీ టైరు 195/80 ఆర్15, వ్యాసం 693 ఎంఎం. 215/75 ఆర్15 వేస్తే 703 చిల్లర, గుండు లేచేది అందులో సగం, అంటే 5 ఎంఎం. 235/75 ఆర్15 వేస్తే 733 చిల్లర, గుండు 20 ఎంఎం లేస్తుంది. లెక్క చూసుకుని డబ్బు పెట్టండి.

ఎత్తు విషయంలో నా మాట 40 ఎంఎం. ఆఫీసుకి అవుటర్ రింగ్ రోడ్డు, నెలకోసారి కనకపుర వైపు మట్టి దారులు, ఎప్పుడైనా హార్స్‌లీ హిల్స్, ఇదే మీ వాడకం అయితే అది చాలు. 50 దాటితే క్యాస్టర్ బుష్‌లు (ముందు ఆక్సిల్ కోణం సరిచేసేవి), అడ్జస్ట్ చేసుకునే పాన్‌హార్డ్ రాడ్లు (ఆక్సిల్ పక్కకి జరగకుండా పట్టే అడ్డ కడ్డీలు), పొడవు షాకబ్జర్లు ఒక్కొక్కటిగా క్యూ కడతాయి. ఇంకోటి, కంపెనీ ఎత్తు 1720 ఎంఎం, దానికి 40 కలిపి పైన క్యారియర్ కూడా ఉంటే మాల్ పార్కింగ్ గేటు దగ్గర రాసిన ఎత్తు చదివి లోపలికి వెళ్ళే అలవాటు చేసుకోవాలి.

3. స్ప్రింగు ఎంచుకోవడం

కిట్ అమ్మేవాళ్ళు లైట్, మీడియం, హెవీ అని మూడు రకాలు చూపిస్తారు. ఆ లెక్క బండి మీద ఎప్పుడూ ఉండే బరువుది. ఇనప బంపర్, వించ్, రూఫ్ టెంట్, వెనక డ్రాయర్లు ఇవన్నీ ఇప్పుడు ఉంటేనే హెవీ తీసుకోండి. "రేపు బంపర్ వేయిస్తా కదా" అని హెవీ కొన్నవాళ్ళని చూశాను, ఖాళీ బండి ఎడ్లబండిలా ఎగురుతుంది, 40 అని రాసి ఉన్న కిట్ 60 లేపి కూర్చుంటుంది, ఇంట్లో వాళ్ళు వెనక సీట్లో కూర్చోం అంటారు.

కంపెనీ షాకబ్జర్లతో 40 దాకా నడుస్తుంది. కాకపోతే చక్రం కిందికి వేలాడే దూరం ఆ మేరకు తగ్గిపోతుంది, గుంతలో చక్రం దిగినప్పుడు షాకబ్జర్ చివరికంటా సాగి టక్ మని కొట్టొచ్చు. డబ్బుంటే స్ప్రింగులతో పాటే కొంచెం పొడవు షాకబ్జర్లు తీసుకోండి. పొడవువి వేస్తే బంప్ స్టాప్‌లకి (ఆక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు ముక్కలు) స్పేసర్లు కూడా తీసుకోవాలి, లేకపోతే చక్రం పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు రబ్బరు తగలకముందే షాకబ్జర్ లోపల పిస్టన్ అడుక్కి కొట్టుకుని పాడవుతుంది.

స్ప్రింగు మీద ట్యాగులు చింపకండి. కొన్ని కిట్లలో ఎడమ వేరు, కుడి వేరు, డ్రైవర్ వైపుది కాస్త పొడవు ఉంటుంది.

4. చట్టం, ఇన్సూరెన్స్

ఇది దాటేసి కిందికి వెళ్ళకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళు దీన్ని సాకుగా చూపి క్లెయిమ్ ఆపొచ్చు, వారంటీలో సస్పెన్షన్ భాగాలకి పేచీ రావచ్చు. ఆర్టీఓ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర ముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు చూసుకుని దిగండి. పాత స్ప్రింగులు పాత సామాను వాడికి అమ్మేయకండి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి, ఎప్పుడైనా వెనక్కి మార్చాల్సి రావచ్చు.

5. విప్పకముందు కొలతలు

ఇది చేయకుండా జాకీ ముట్టుకోవద్దు. సమతలంగా ఉన్న నేల, టైర్లలో సరైన గాలి, బండిలో రోజూ ఉండే సామాను. స్టీరింగ్ నేరుగా పెట్టి, బండిని ఓ పది అడుగులు ముందుకీ వెనక్కీ తీసి ఆపి, నోట్ చేయాల్సినవి:

☐ నాలుగు చక్రాలకీ, హబ్ మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా ఎత్తు
☐ ఫెండర్ అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే, ఆ దారానికీ టైరు పక్క గోడకీ మధ్య దూరం, నాలుగు చోట్లా
☐ నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ ఎలా ఉందో ఫోటో
☐ బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు ఎక్కడెక్కడ క్లిప్పు అయి ఉన్నాయో ఫోటోలు
☐ రాత్రి గోడకి 5 మీటర్ల దూరంలో ఆపి, హెడ్‌లైట్ కాంతి పై అంచు దగ్గర సుద్ద గీత

దారం కొలత ఎందుకు అని నన్ను మా బావమరిది కూడా ఎగతాళి చేశాడు. సాయంత్రం అదే దిక్కయింది.

6. సామాను

☐ ట్రాలీ జాకీ ఒకటి, బాటిల్ జాకీలు రెండు
☐ జాకీ స్టాండ్లు నాలుగు, 3 టన్నులవి
☐ చక్రాలకి అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు
☐ పొడవు రాడ్డుతో సాకెట్ సెట్టు, రింగు పానాలు
☐ టార్క్ రెంచి
☐ తుప్పు వదిలించే స్ప్రే
☐ బ్రేకు కాలిపర్ వేలాడకుండా కట్టడానికి తీగ
☐ సన్న గడ్డపార, రబ్బరు సుత్తి, పెయింట్ మార్కర్

టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) కొనలేకపోతే అద్దెకి దొరుకుతుందేమో స్పేర్ పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో అడగండి. "చేత్తో తెలుస్తుంది సార్" అనే మాట నమ్మొద్దు. చక్రం నట్లు 100 న్యూటన్ మీటర్లు, మిగతా బోల్టులకి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

ముందురోజు రాత్రే కింది బోల్టులన్నిటికీ స్ప్రే కొట్టి ఉంచండి. వానాకాలం రెండు చూసిన బండి అయితే షాకబ్జర్ కింది బోల్టు కదలనే కదలదు.

7. వెనక స్ప్రింగులు

ముందుగా వెనకే చేయండి, సులువు, చేతికి అలవాటవుతుంది.

ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది. జిమ్నీ హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, టూ వీల్ డ్రైవ్‌లో గేరు పట్టేదీ వెనక చక్రాలనే. ఆ రెండూ గాల్లో ఉంటే బండిని ఆపేది ఏమీ లేదు. అందుకని ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మెలు గట్టిగా కొట్టి పెట్టాలి.

క్రమం ఇలా:

ఒకటి, చక్రం నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయండి. వెనక డిఫరెన్షియల్ కింద ట్రాలీ జాకీ పెట్టి లేపి, చాసిస్ రైళ్ళ కింద రెండు స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదికి దించి, ఊపి చూడండి. కదలకూడదు. చక్రాలు తీసి బండి కిందికి తోసి ఉంచండి, ఏదైనా జారినా బండి వాటి మీద ఆగుతుంది.

రెండు, జాకీతో ఆక్సిల్‌ని కొంచెం మోస్తూ రెండు వైపులా షాకబ్జర్ కింది బోల్టులు తీయండి. స్ప్రింగులు మాత్రమే మారుస్తుంటే పై బోల్టు జోలికి పోనక్కర్లేదు. తర్వాత బ్రేకు గొట్టం బ్రాకెట్, ఏబీఎస్ వైరు క్లిప్పులు, ఆక్సిల్ గాలి గొట్టం విడిపించండి, పాన్‌హార్డ్ రాడ్ ఒక చివర తీయండి.

మూడు, జాకీని వేలెడు వేలెడు చొప్పున దించండి, ఒకరు దించాలి, ఇంకొకరు టార్చి పట్టుకుని గొట్టాలనే చూస్తుండాలి. బ్రేకు గొట్టం బిగుసుకుంటే ఆపేయండి, ఇంకా ఏదో విప్పలేదన్నమాట. స్ప్రింగు దానంతటదే వదులై చేతికి వచ్చేస్తుంది, ఇక్కడ కంప్రెసర్ అక్కర్లేదు.

నాలుగు, పై రబ్బరు సీటు తుడిచి కొత్త స్ప్రింగుకి తొడగండి, చినిగితే కొత్తది వేయండి. కింది సీటులో ఒక గాడి ఉంటుంది, స్ప్రింగు తీగ చివర ఆ గాడిలో ఆనేలా తిప్పి పెట్టాలి. ఒక వేలు ఖాళీ ఉన్నా బరువు పడ్డాక అది టంగ్ మని తిరిగి కూర్చుంటుంది, మీరేమో ఏదో విరిగిందని భయపడతారు.

అయిదు, జాకీ లేపి షాకబ్జర్ బోల్టులు చేత్తో ఎక్కించండి. బిగించొద్దు. మళ్ళీ చెప్తున్నా, బిగించొద్దు. పాన్‌హార్డ్ రాడ్ బోల్టు రంధ్రానికి అందకపోతే కంగారు వద్దు, చక్రాలు వేసి నేల మీదికి దించాక బండిని పక్కకి నెడితే కూర్చుంటుంది.

8. ముందు స్ప్రింగులు

క్రమం అదే, తేడాలు మాత్రం చెప్తా. ఈసారి దిమ్మెలు వెనక చక్రాలకి. ముందు డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది, దాని కింద జాకీ పెడితే బండి ఒరుగుతుంది. ఆక్సిల్ గొట్టం కింద చెరో వైపు బాటిల్ జాకీ పెట్టి ఇద్దరూ సమానంగా దించాలి.

మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ రాడ్ లింకులు రెండు వైపులా విప్పాలి, లేకపోతే ఆక్సిల్ కిందికి రాదు. హబ్‌ల దగ్గరికి సన్నటి వాక్యూమ్ గొట్టాలు వెళ్తాయి, ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు హబ్‌లని లాక్ చేసేది అవే, అవి సాగవు, ఊడితే ఫోర్ వీల్ డ్రైవ్ పనిచేయదు, అది మీకు తెలిసేది బురదలో ఇరుక్కున్నాకే. స్ప్రింగు మధ్యలో రబ్బరు బంప్ స్టాప్ ఉంటుంది కాబట్టి స్ప్రింగుని కొంచెం వంచి దాని చుట్టూ తిప్పుతూ తీయాలి, కొత్తది పొడవుగా ఉంటుంది కనుక ఇంకాస్త కిందికి దించాల్సి వస్తుంది. గడ్డపారతో ఆక్సిల్‌ని మెల్లగా నొక్కండి, స్ప్రింగుని కొట్టొద్దు, పైన పెయింట్ లేస్తే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

9. బిగింపు నేల మీద, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి బండి స్టాండ్ల మీద ఉండగానే అన్నీ టార్క్ పెట్టి బిగించేశాను, శుభ్రంగా ఉందనుకున్నా. దించితే కుడి వైపు 9 ఎంఎం ఎత్తుగా నిలబడింది, ప్రతి స్పీడ్ బ్రేకర్ మీదా పాత తలుపులా కిర్రుమంది.

కారణం ఇదీ. ఆక్సిల్‌ని చాసిస్‌కి కలిపే ఆర్మ్‌ల చివర్లలో ఉండే బుష్ అంటే బయట ఇనప గొట్టం, లోపల ఇనప గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలదు, ఆర్మ్ ఊగినప్పుడు రబ్బరే మెలిపడి తిరిగి వస్తుంది. గాల్లో బిగిస్తే చక్రం వేలాడే చోటే రబ్బరుకి విశ్రాంతి, నేల మీదికి దించగానే ఎప్పటికీ మెలిపడే ఉంటుంది. అది బండిని పైకి తోస్తుంది, త్వరగా చిరుగుతుంది.

అందుకే మీరు అసలు విప్పని ఆర్మ్ బోల్టులు కూడా, అవి పాత ఎత్తులో బిగించినవి కాబట్టి, వదులు చేసి కొత్త ఎత్తులో మళ్ళీ బిగించాలి.

☐ నాలుగు చక్రాలూ నేల మీద, దిమ్మెలు పెట్టి ఉన్నాయి
☐ ఆర్మ్‌ల రెండు చివర్లు, పాన్‌హార్డ్ రాడ్లు, షాకబ్జర్ కింది బోల్టులు అన్నీ వదులుగా ఉన్నాయి
☐ బంపర్ మీద కూర్చుని పదిసార్లు ఊపారు, ముందూ వెనకా
☐ టార్క్ రెంచితో ఒక్కొక్కటీ బిగించి పెయింట్ మార్కర్‌తో గీత పెట్టారు
☐ స్టెబిలైజర్ లింకులు, గొట్టాల క్లిప్పులు ఫోటోలతో పోల్చారు

10. పక్కకి జరిగింది తిరిగి తేవడం

ఇప్పుడు దారం తీసి మళ్ళీ కొలవండి. పాన్‌హార్డ్ రాడ్ ఒక చివర చాసిస్‌కి, ఇంకో చివర ఆక్సిల్‌కి వాలుగా ఉంటుంది, బాడీ లేస్తే ఆ వాలు పెరిగి ఆక్సిల్ ఒక పక్కకి లాగబడుతుంది. ఎడమ కుడి తేడా పాతదానికన్నా 10 ఎంఎం దాకా పెరిగితే రోజువారీ నడకకి నేను పట్టించుకోను. దాటితే అడ్జస్ట్ చేసుకునే రాడ్ వేయించుకోండి.

తర్వాత స్టీరింగ్. బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ ఒక పక్కకి తిరిగి ఉంటుంది, స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ, అంటే డ్రాగ్ లింక్, వాలు మారింది కదా. దీన్ని డ్రాగ్ లింక్ లాక్ నట్లు వదులు చేసి దాని పొడవు సరిచేసి మధ్యకి తేవాలి. నేను వెళ్ళిన అలైన్‌మెంట్ షాపు కుర్రాడు స్టీరింగ్ చక్రమే ఊడదీసి తిప్పి పెడతానన్నాడు, చేయి పట్టుకుని ఆపాను. అలా చేస్తే చూడటానికి నేరుగానే ఉంటుంది గానీ స్టీరింగ్ కోణం చెప్పే సెన్సార్ వంకర లెక్క చెప్తుంది, బండి జారకుండా చూసే ఈఎస్‌పీ లైటు వెలిగి నేరుగా పోతున్న బండికి అనవసరంగా బ్రేకు వేయొచ్చు.

అలైన్‌మెంట్‌లో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసేది, క్యాస్టర్ అంకె మాత్రం ప్రింట్ తీయించుకోండి. లిఫ్ట్‌తో ముందు ఆక్సిల్ కొంచెం తిరిగి క్యాస్టర్ తగ్గుతుంది, అంటే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం మందగిస్తుంది.

చివరగా హెడ్‌లైట్లు. సుద్ద గీత దగ్గర మళ్ళీ ఆపి, కాంతి అంచు గీత కన్నా పైకి పోకుండా దించండి. హోసూరు రోడ్డులో ఎదుటివాళ్ళు తిట్టుకోకుండా ఉంటారు.

11. తేడా కనిపిస్తే

80 దాటాక బండి అటూ ఇటూ తేలుతోంది: క్యాస్టర్ తగ్గింది. ఆఫ్‌సెట్ బుష్‌లు, అంటే పైన చెప్పిన క్యాస్టర్ బుష్‌లే కావాలి, లేత్ షాపులో ప్రెస్ మీద కొట్టించాలి, బాణం గుర్తు ఏ వైపో ఇద్దరు చూసుకుని పెట్టాలి, తిరగేస్తే ఉన్న క్యాస్టర్ కూడా పోతుంది.

గుంతలో పడగానే స్టీరింగ్ గజగజ వణుకుతోంది: మొదట టైరు బ్యాలెన్సింగ్, తర్వాత పాన్‌హార్డ్ రాడ్ బోల్టులు, బుష్‌లు, తర్వాత కింగ్‌పిన్ బేరింగులు (ముందు చక్రం పక్కకి తిరిగే కీలువి) చూడండి. ఈ మూడూ చూడకుండా స్టీరింగ్ డాంపర్ (వణుకుని మింగే చిన్న షాకబ్జర్) కొనొద్దు, అది రోగం తగ్గించదు, దాస్తుంది.

ఒక పక్క ఎత్తు: ట్యాగులు తారుమారయ్యాయా, తీగ చివర గాడిలో ఉందా, బుష్‌లు నేల మీద బిగించారా.

గుంతల్లో టక్ టక్: షాకబ్జర్ పూర్తిగా సాగుతోంది. ఒక చక్రాన్ని జాకీతో గాల్లో వేలాడదీసి స్ప్రింగుని చేత్తో తిప్పి చూడండి, వదులుగా తిరిగితే ప్రమాదం, అది సీటు నుంచి జారొచ్చు.

ఒక వేగం దగ్గర కింద నుంచి గుయ్ మని వణుకు: ఇంజిన్ బలాన్ని ఆక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారింది. 40 ఎంఎంకి అరుదు, 50 దాటినవాళ్ళకి మామూలు.

12. మొదటి 500 కిలోమీటర్లు

మొదటిరోజు హైవే ఎక్కొద్దు, ఖాళీ రోడ్డులో 40 వేగంలో బ్రేకులు చూసుకోండి. చక్రం నట్లు 50 కిలోమీటర్లకి ఒకసారి మళ్ళీ టార్క్ పెట్టండి. కొత్త స్ప్రింగులు కొంచెం కూర్చుంటాయి, నావి 43 దగ్గర మొదలై 38కి వచ్చాయి. 500 దగ్గర పెయింట్ గీతలు కలిసి ఉన్నాయో లేదో ప్రతి బోల్టూ చూసి, స్టీరింగ్ రెండు వైపులా చివరికంటా తిప్పి బ్రేకు గొట్టం ఎక్కడా రాసుకోవట్లేదని నిర్ధారించుకుని, హబ్ నుంచి ఫెండర్ దాకా కొలిచి పాత కాగితం మీదే పక్కన రాసుకోండి. పెద్ద టైర్లు, ఇనప బంపర్ ఏవైనా ఆ అంకెలు నిలకడగా వచ్చాకే ఆర్డర్ పెట్టండి.